తుంబురు కోన ఫోటోల్లో నీళ్లు తెల్లగా వెలిసిపోతున్నాయి, బండలు నల్లబడుతున్నాయి: తలకోనకు వెళ్లేలోపు ఏం సరిచేసుకోవాలి?

ప్రశ్న (తిరుపతి నుంచి)

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా సెలవు రోజుల్లో శేషాచలం కొండల్లో నడుస్తూ ఫోటోలు తీయడం అలవాటు చేసుకున్నాను. నా దగ్గర ఉన్నది మామూలు డీఎస్‌ఎల్‌ఆర్, దానితోపాటు వచ్చిన 18-55 లెన్సు మాత్రమే. మొన్న ఫాల్గుణ పౌర్ణమికి భక్తులతో కలిసి తుంబురు తీర్థానికి నడిచి వెళ్లాను. కోన లోపలికి చేరేసరికి పదకొండు దాటింది. రెండు పక్కలా నిలువుగా లేచిన బండల మధ్య, మోకాలి లోతు నీళ్లలో నిలబడి తల ఎత్తితే కనిపించిన ఆ దృశ్యం నన్ను ఇప్పటికీ వదలడం లేదు. కానీ ఇంటికొచ్చి చూస్తే ఎండ పడిన చోట నీళ్లు తెల్ల కాగితంలా ఉన్నాయి, నీడలో ఉన్న బండలు బొగ్గులా ఉన్నాయి. కార్తీకంలో తలకోన జలపాతానికి వెళ్లాలనుకుంటున్నాను. కొత్త లెన్సు కొనాలా, లేక నేను తీసే పద్ధతిలోనే లోపం ఉందా? దయచేసి వివరంగా చెప్పండి.

సమాధానం 1 (చిత్తూరు నుంచి)

లెన్సు కొనవద్దండి. చిక్కంతా మీరు కోనలోకి చేరిన వేళలో ఉంది. నడినెత్తి ఎండ అంత ఇరుకైన కోనలోకి చీలికలుగా దిగుతుంది. ఎండ పడిన నీటికీ, పక్కనే నీడలో ఉన్న బండకూ మధ్య వెలుగు తేడా మన కన్ను సర్దుకోగలిగినంత సులువుగా కెమెరా సెన్సార్ సర్దుకోలేదు. ఎండ ఇంకా దిగని ఉదయంలోనో, దాటిపోయిన సాయంత్రంలోనో తీస్తే కోనంతా ఆకాశపు వెలుగు ఒక్కటే సమంగా పరచుకుంటుంది. తీర్థం రోజున జనంతో నడిచేవారికి ఆ వేళ మన చేతిలో ఉండదు కాబట్టి, అప్పుడు ఎండ చీలికలనూ పైన కనిపించే ఆకాశాన్నీ ఫ్రేములోకి రానివ్వకుండా, నీడలో ఉన్న భాగాన్నే ఎంచుకోవాలి.

రెండోది, రా ఫైల్‌లో (సెన్సార్ పట్టిన సమాచారాన్ని కెమెరా మార్చకుండా దాచే ఫైల్‌లో) తీయండి. ఎక్స్‌పోజర్‌ను, అంటే సెన్సార్ మీద పడే వెలుగు మోతాదును, నీటి తెలుపును బట్టి నిర్ణయించండి. హిస్టోగ్రామ్ (ఫోటోలో ఎడమన చీకటి, కుడిన వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) కుడి అంచును గుద్దుకుంటుంటే ఒక స్టాప్ తగ్గించండి, అంటే వెలుగును సగం చేయండి. చీకటిగా వచ్చిన బండను తర్వాత కొంత వెలికి తీయవచ్చు కానీ, పూర్తిగా తెల్లబడిన నీటిలో తిరిగి తెచ్చుకోవడానికి ఏ వివరమూ మిగలదు. నీడలో తీసినవి నీలంగా వస్తాయి కాబట్టి వైట్ బ్యాలెన్స్‌ను (వెలుగు రంగును సరిదిద్దే అమరికను) 'షేడ్'కు మార్చుకోండి.

డబ్బు పెట్టదలిస్తే ఒక్క పోలరైజర్ ఫిల్టర్ కొనండి. తడిసిన బండ మీద ఆకాశం మెరుస్తుంటుంది. ఫిల్టర్ తిప్పి ఆ మెరుపు తగ్గిస్తే రాతి ఎరుపు, నాచు పచ్చదనం బయటపడతాయి. అది ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుగును మింగేస్తుందని మాత్రం గుర్తుంచుకోండి. (ఈ కొండల్లో కనిపించే క్వార్ట్‌జైట్ అనే గట్టి ఇసుకరాయి తిరుమల ఘాట్ రోడ్డులో పాత గ్రానైట్ మీద పొరలుగా పేరుకున్న చోటు జాతీయ భూవిజ్ఞాన స్మారకం. ఆ రెండు రాళ్ల మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ల ఎడం ఉంది. ఏటవాలు వెలుగులో రాతి పొరలు ఎంత బాగా తేలుతాయో తెలుసుకోవడానికి అంతకంటే మంచి పాఠం లేదు.)

సమాధానం 2 (తిరుపతి నుంచి)

పైవారు చెప్పినదానితో ఏకీభవిస్తూ తలకోన గురించి చెబుతాను. అక్కడ నీరు 270 అడుగుల ఎత్తు నుంచి పడుతుంది. ఈశాన్య రుతుపవనాల వానల తర్వాత, అంటే నవంబరు, డిసెంబరుల్లో ధార నిండుగా ఉంటుంది కాబట్టి మీరు ఎంచుకున్న కాలం మంచిదే. చాలామంది రెండు మూడు సెకన్ల షట్టర్‌తో నీటిని పాలనురగలా మారుస్తారు. నాకది నచ్చదు, ఎందుకంటే పడే నీటి బరువు అందులో కనిపించదు. పైగా జలపాతం గాలికి ఊగే ఆకులు కూడా చెదిరిపోతాయి. ఐఎస్‌ఓ (వెలుగుకు సెన్సార్ స్పందించే స్థాయి) 100, లెన్సు రంధ్రం ఎఫ్/8 నుంచి ఎఫ్/11, షట్టర్ పావు సెకను దగ్గర మొదలుపెట్టి చూడండి. ట్రైపాడ్ తప్పనిసరి. లెన్సు మీద తుంపర పడుతూనే ఉంటుంది, కాబట్టి మెత్తటి పొడి నూలు గుడ్డలు రెండు మూడు జేబులో ఉంచుకోండి. నాచు పట్టిన బండ మీద కాలు పెట్టేముందు కెమెరాను సంచిలో పెట్టేయండి. ఒకసారి చేతిలో కెమెరాతో జారి, దాన్ని కాపాడబోయి మోచేయి విరగ్గొట్టుకున్నాను.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఉదయం ఆరున్నరకే అక్కడ ఉండేలా బయలుదేరాలని నిర్ణయించుకున్నాను. మరొక సందేహం: బండ చీలికల్లో బంగారు బల్లి ఉంటుందంటారు. దాన్ని తీయడానికి ఫ్లాష్ వాడవచ్చా?

సమాధానం 3 (చిత్తూరు నుంచి)

వాడకండి. అది రాత్రి తిరిగే జీవి. తేమగా, చల్లగా ఉండే చీలికల్లో పగలంతా దాక్కుంటుంది, గుడ్లను రాతికే అతికిస్తుంది. చీలికలోకి వెలుగు కొట్టినా, కర్రతో కదిపినా అది తన చోటు వదిలి పారిపోతుంది. దానంతట అదే బయటికి వచ్చి కనిపిస్తే దూరం నుంచి, ఉన్న వెలుగులోనే, ఐఎస్‌ఓ పెంచి రెండు ఫోటోలు తీసి కదిలిపోండి. ఫోటో పంచుకునేటప్పుడు ఏ చీలికలో కనిపించిందో రాయకండి.

తలకోన శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానంలో భాగం. ఎర్రచందనం అడవి కావడంతో అక్కడ గస్తీ గట్టిగా ఉంటుంది. మామూలు దారి విడిచి లోపలికి నడవాలనుకుంటే ముందే అటవీ శాఖ అనుమతి తీసుకోండి. చీకట్లో సంచి, ట్రైపాడ్ భుజాన వేసుకుని పొదల మధ్య కనిపించే మనిషిని గస్తీవాళ్లు ఆపి ప్రశ్నించడం న్యాయమే. ఆరున్నరకు చేరాలన్న మీ ఆలోచన కూడా ప్రవేశ వేళలను బట్టే కుదురుతుంది, కాబట్టి ముందురోజే అక్కడ అడిగి తెలుసుకోండి. దారి పక్కనే ఎర్రచందనం మానులు కనిపిస్తాయి. మొసలి చర్మంలా పగిలిన వాటి బెరడు మీద ఉదయపు ఏటవాలు ఎండ పడినప్పుడు మీ 18-55 లెన్సే చాలు.