చెరువు గట్టున లోరా సిగ్నల్ అందడం లేదు: పీసీబీ యాంటెన్నా మార్చాలా?

ఉండి_చెరువుగట్టు (ప్రశ్న):

నమస్కారమండి. ఉండి, ఆకివీడు ప్రాంతపు రొయ్యల చెరువుల్లో నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచి కాపలా షెడ్డుకు లోరా (తక్కువ కరెంటుతో ఎక్కువ దూరం అందే రేడియో పద్ధతి) ద్వారా పంపే పరికరాన్ని తయారుచేస్తున్నాను. తెల్లవారుజామున ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే కిందికి జారేలోపే రైతు లేచి ఏరియేటర్లు వేసుకోగలగాలన్నది ఉద్దేశం.

బోర్డు (పీసీబీ) 45 × 30 మిల్లీమీటర్లు, రెండు రాగి పొరలది, 1.6 మిల్లీమీటర్ల మందం గల ఎఫ్‌ఆర్-4 (మామూలు ఫైబర్ గ్లాస్ బోర్డు). ఒక మూలన 866 మెగాహెర్ట్జ్‌కు ఇన్వర్టెడ్-ఎఫ్ యాంటెన్నాను (F అక్షరాన్ని పోలిన ఆకృతి) రాగితోనే గీశాను. దాని కొలతలు చిప్ తయారీదారు ఇచ్చిన నమూనా డిజైన్‌లోవే. బోర్డు కింద 18650 బ్యాటరీ ఉంటుంది. అంతా ఏబీఎస్ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, నీటికి అర మీటరు ఎత్తున చెరువులోని గుంజకు కట్టాను. ఇంటి దగ్గర వీధి చివరి వరకు సందేశాలు చక్కగా అందాయి కానీ, 600 మీటర్ల దూరంలో ఉన్న షెడ్డుకు చెరువు నుంచి చాలా వరకు అందడం లేదు. తెల్లవారుజామున పరిస్థితి మరీ అధ్వానంగా ఉంటోంది. యాంటెన్నా ఆకృతిని మార్చాలా, మ్యాచింగ్ (చిప్‌కూ యాంటెన్నాకూ పొంతన కుదిర్చే భాగాల) విలువలను మార్చాలా, లేక బయటి యాంటెన్నాకు వెళ్లిపోవాలా?

కాకినాడ_ఆర్‌ఎఫ్:

మీరు నమూనా డిజైన్ నుంచి యాంటెన్నా కొలతలను తెచ్చుకున్నారు గానీ, దాని వెనకున్న గ్రౌండ్ రాగిని తెచ్చుకోలేదు. చిక్కు అక్కడే మొదలైందని నా అభిప్రాయం. ఇన్వర్టెడ్-ఎఫ్ యాంటెన్నాలో మూలనున్న రాగి తీగ సగం మాత్రమే; మిగతా సగం పని బోర్డులోని గ్రౌండ్ పొర చేస్తుంది. 866 మెగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం సుమారు 346 మిల్లీమీటర్లు, అందులో పావు వంతు 86 మిల్లీమీటర్లు. గ్రౌండ్ పొడవు కనీసం అంత ఉంటే తప్ప ఇలాంటి యాంటెన్నా సరిగా ప్రసరించదు. మీ బోర్డు మొత్తం పొడవే 45 మిల్లీమీటర్లు. అదే బోర్డు 2.4 గిగాహెర్ట్జ్ బ్లూటూత్‌కైతే సరిపోయేది, ఎందుకంటే అక్కడ పావు తరంగం 31 మిల్లీమీటర్లే.

గ్రౌండ్ చాలనప్పుడు ఆర్‌ఎఫ్ (రేడియో పౌనఃపున్యపు) కరెంటు తనకు దొరికిన లోహాన్నంతా వాడుకుంటుంది. మీ పరికరంలో ఆ లోహం ప్రోబ్ కేబుల్. దాని రెండో కొస ఉప్పునీటిలో ఉంది కాబట్టి, ప్రసరించవలసిన శక్తిలో కొంత నీటిలోకి దిగి వేడిగా మారిపోతుంది. ఇంటి దగ్గర ఆ కేబుల్ గాలిలో వేలాడుతూ యాంటెన్నాకు సాయపడి ఉండవచ్చు, అందుకే అక్కడ తేడా బయటపడలేదు. కేబుల్ డబ్బాలోకి వచ్చే చోట, ఈ పౌనఃపున్యానికి పనికొచ్చే ఫెరైట్ పూస (కేబుల్ మీది ఆర్‌ఎఫ్ కరెంటును అడ్డుకునే అయస్కాంత పదార్థపు గొట్టం) ఒకటి తొడిగి చూడండి. ఫలితం ఎటు మారినా కారణం మాత్రం తేలుతుంది.

మ్యాచింగ్ సరిచేయాలంటే చవకైన నానోవీఎన్‌ఏ (యాంటెన్నా మ్యాచింగ్‌ను కొలిచే చిన్న వీఎన్‌ఏ పరికరం) చాలు, కానీ కొలత బ్యాటరీ, డబ్బా, కేబుల్ అన్నీ చివరి స్థానంలో ఉండగానే తీయాలి. ఏబీఎస్ గోడ దగ్గరగా ఉన్నా చాలు, అనునాద పౌనఃపున్యం (యాంటెన్నా బాగా పనిచేసే పౌనఃపున్యం) కిందికి జరుగుతుంది. ఇంత చిన్న యాంటెన్నా బ్యాండ్ ఇరుకు కనుక, తెల్లవారుజామున డబ్బా మీద పట్టే మంచు తేమ కూడా దాన్ని మరికొంత జరపవచ్చు. యాంటెన్నా కింద ఏ పొరలోనూ రాగి లేకుండా చూసుకోండి, బ్యాటరీని దానికి దూరంగా అవతలి కొసకు జరపండి. చిప్ నుంచి యాంటెన్నాకు వెళ్లే గీత గురించి మాత్రం అంతగా బెంగపడనక్కరలేదు. ఈ బోర్డు మందానికి 50 ఓమ్‌ల గీత దాదాపు 3 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలన్నది నిజమే కానీ, దాని పొడవు ఒక సెంటీమీటరులోపు ఉంటే కొద్దిపాటి తేడా వల్ల పెద్ద నష్టం ఉండదు.

అమలాపురం_వైర్‌లెస్:

కాకినాడ వారు చెప్పిన గ్రౌండ్ సంగతితో ఏకీభవిస్తాను, కానీ మ్యాచింగ్ మీద ఎక్కువ సమయం పెట్టవద్దంటాను. రిటర్న్ లాస్ (యాంటెన్నా నుంచి వెనక్కి తిరిగే శక్తి ఎంత తగ్గిందో చెప్పే కొలత; ఎక్కువైతే మంచిది) 6 డెసిబెల్సే ఉన్నా వెనక్కి తిరిగేది నాలుగో వంతు శక్తి, అంటే నష్టం సుమారు 1.25 డెసిబెల్స్. పైగా వీఎన్‌ఏ తెర మీది గీతలో అందమైన లోయ (మ్యాచింగ్ బాగుందనే గుర్తు) కనిపించినంత మాత్రాన యాంటెన్నా ప్రసరిస్తోందని కాదు. యాంటెన్నా బదులు 50 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టినా రిటర్న్ లాస్ భేషుగ్గా ఉంటుంది. శక్తిని ఉప్పునీరు మింగేస్తున్నా అంతే.

మీ అసలు నష్టం ఎత్తులో ఉంది. చెరువు మీదుగా సాగే తరంగం నేరుగా ఒకటి, నీటి మీద పడి పరావర్తనం చెంది మరొకటిగా షెడ్డుకు చేరుతుంది. కోణం చాలా తక్కువగా ఉన్నప్పుడు రెండోది తలకిందులై వచ్చి మొదటిదాన్ని దాదాపు రద్దు చేస్తుంది. అందువల్ల అందే శక్తి యాంటెన్నా ఎత్తు వర్గానికి అనుపాతంలోనూ, దూరం నాలుగో ఘాతానికి విలోమంగానూ ఉంటుంది. ఎత్తు రెట్టింపు చేస్తే 6 డెసిబెల్స్ కలిసివస్తాయి. అర మీటరు నుంచి రెండు మీటర్లకు లేపితే లెక్క ప్రకారం 12 డెసిబెల్స్. నీటికి మరీ దగ్గరి ఎత్తుల్లో ఈ లెక్క పూర్తిగా వర్తించదు కాబట్టి కాస్త తగ్గినా, ఏ మ్యాచింగూ ఇంత లాభం ఇవ్వలేదు. షెడ్డు వైపు యాంటెన్నాకూ ఇదే సూత్రం. దారిలో గట్ల మీద కొబ్బరి చెట్లుంటే వాటి ఆకుల నష్టం అదనం, ముఖ్యంగా తడిసినప్పుడు.

కనుక ప్రోబ్‌ను కిందే ఉంచి, డబ్బాను గుంజ పైకి తీసుకెళ్లండి. కేబుల్ పొడవు పెరుగుతుంది కాబట్టి ఆ ఫెరైట్ పూస అవసరం ఇంకా ఎక్కువవుతుంది.

ఉండి_చెరువుగట్టు:

ఇద్దరికీ కృతజ్ఞతలండి. ఎత్తు పెంచడం ఈ వారమే చేయగలను. బోర్డును కూడా ఎలాగూ మళ్లీ వేయించాలి కనుక, పొడవు పెంచాలా లేక ఎస్‌ఎంఏ కనెక్టర్‌తో (మర తిప్పి బిగించే చిన్న యాంటెన్నా కనెక్టర్) బయటి యాంటెన్నా పెట్టాలా అన్నది తేల్చుకోవాలి. బజారులో 868, 915 మెగాహెర్ట్జ్ రెండూ రాసి ఉన్న యాంటెన్నాలు దొరుకుతున్నాయి, అవి పనికివస్తాయా?

రాజమండ్రి_బోర్డులు:

చెరువు మీద పెట్టే వస్తువుకు నా ఓటు బయటి యాంటెన్నాకే. రెండు బ్యాండ్లూ రాసి ఉన్నది కొనవచ్చు గానీ, 866 వద్ద ఎలా ఉందో వీఎన్‌ఏతో ఒకసారి చూసుకోండి. మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోదగినది 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ బ్యాండ్. మాడ్యూల్ సాఫ్ట్‌వేర్‌లో 915 అమెరికా అమరిక ఉంటే ముందు దాన్ని మార్చండి. చిన్న రబ్బరు యాంటెన్నాలు కూడా అవతలి సగంగా బోర్డు గ్రౌండ్‌నే వాడుకుంటాయి, కాబట్టి 45 మిల్లీమీటర్ల బోర్డుకు వాటిని తగిలిస్తే పాత ఇబ్బందే మళ్లీ ఎదురవుతుంది. సొంతంగా రెండు భుజాలున్న డైపోల్ రకం తీసుకోండి, దాన్ని నిటారుగా నిలపండి.

ఉప్పుగాలికి ఎస్‌ఎంఏ కనెక్టర్ చిలుము పడుతుంది. బిగించిన తరువాత తనకు తానే అతుక్కునే రబ్బరు టేపును కింది నుంచి పైకి చుట్టండి. అప్పుడు పై చుట్టు కింది చుట్టును కప్పుతుంది కాబట్టి వాన నీరు లోపలికి దిగదు. కనెక్టర్‌ను డబ్బా మూత మీద కాకుండా అడుగున అమర్చి, యాంటెన్నాను చిన్న కేబుల్‌తో గుంజ కొసకు తీసుకెళితే ఇంకా నయం.