గాల్వెస్టన్‌లో గాలం: లైసెన్సు ఎంత, ఏ చేప మంచిది?

కేటీ నుంచి:
అన్నలకు నమస్కారం. మాది భీమవరం. హ్యూస్టన్ వచ్చి, శివారు కేటీలో ఉంటూ నాలుగు నెలలైంది. శనివారాలు ఇక్కడి సముద్రతీరం గాల్వెస్టన్ వెళ్లి గాలం వేయాలని ఉంది. లైసెన్సుకి ఎంతవుతుంది? ఏ చేపలు పడతాయి?

షుగర్‌ల్యాండ్ నుంచి:
తమ్ముడూ, టెక్సాస్‌లో వరసగా ఆరు నెలలు దాటితేనే రెసిడెంట్ రేటు. వీసా ఏదన్నది అడగరు. రెసిడెంట్‌కి సాల్ట్‌వాటర్ ప్యాకేజీ, అంటే ఉప్పునీళ్లలో చేపలు పట్టే ఏడాది లైసెన్సు, 35 డాలర్లు, బయటివాళ్లకి 63. నువ్వు ఇప్పుడే 63 కట్టొద్దు. వెళ్లిన రోజుకి 16 డాలర్ల ఒక్కరోజు లైసెన్సు తీసుకో, ఆరు నెలలు దాటాక ఏడాదిది కొనుక్కో. అదీ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది.

నాకు జరిగింది విను. ఒక పెద్ద దుకాణం కౌంటర్‌లో సాల్ట్‌వాటర్ అని రెండుసార్లు చెప్పినా ఆ అబ్బాయి మంచినీళ్లది కొట్టిచ్చాడు. పియర్ మీద, అదే నీళ్లలోకి కట్టిన వంతెన మీద, గేమ్ వార్డెన్ (వేట రూల్స్ చూసే ఆఫీసరు) కాగితం చూసి, ఇందులో సాల్ట్‌వాటర్ ఎండార్స్‌మెంట్, అంటే ఉప్పునీళ్ల అనుమతి, లేదన్నాడు. దయ తలచి ఫైన్ రాయలేదు కానీ, పిల్లల ముందే గాలాలన్నీ తీయించాడు. ఫైన్ రాస్తే 500 డాలర్ల దాకా ఉంటుంది. మర్నాడు దుకాణానికి వెళ్తే తప్పు మాదే అంటూనే, ప్రింటయ్యాక వెనక్కి తీసుకోం అంటారు. మేనేజర్‌ని పిలిపించి ఎంత వాదించినా లాభం లేకపోయింది. చివరికి ఇంకో పది డాలర్లు పెట్టి ఎండార్స్‌మెంట్ విడిగా కొన్నాను. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. అందుకే కౌంటర్ దగ్గర నుంచి కదలకముందే కాగితం చదువుకో.

పియర్‌ల్యాండ్ నుంచి:
అన్నయ్య లైసెన్సు గురించే చెప్పారు, చేపల మాటెత్తలేదు. నా ఓటు రెడ్‌ఫిష్‌కే. కండ గట్టిది, పులుసులో ముక్క విడిపోదు. 20 నుంచి 28 అంగుళాల మధ్యవి రోజుకి మూడు ఉంచుకోవచ్చు. వేపుడుకైతే స్పెకల్డ్ ట్రౌట్, 25 అంగుళాల దాకా, అయిదు.

క్లియర్‌లేక్ నుంచి:
ట్రౌట్ రూల్ 2024లో మారింది బాబాయ్. ఇప్పుడు 15 నుంచి 20 అంగుళాలు, మూడే. పాత లెక్కతో వెళ్తే కుర్రాడు ఇరుక్కుంటాడు. ఇక రుచి అంటారా, షీప్స్‌హెడ్ ముందు రెడ్‌ఫిష్ ఎందుకూ పనికిరాదు. ఫిబ్రవరి, మార్చిలో రాళ్ల గట్ల దగ్గర, పియర్ స్తంభాల దగ్గర దొరుకుతుంది.

పియర్‌ల్యాండ్ నుంచి:
ట్రౌట్ విషయంలో నువ్వన్నదే రైటు. షీప్స్‌హెడ్ మాత్రం ఒప్పుకోను. ఆ పక్కటెముకలు కోయడానికి కత్తి అరిగిపోతుంది, చివరికి చేతికొచ్చే కండ ఎంత?

క్లియర్‌లేక్ నుంచి:
కోయడం వచ్చినవాళ్లకి బాగానే వస్తుంది.

లీగ్‌సిటీ నుంచి:
మీ ఇద్దరి వాదన అటుంచండి, మొదట్లో ఈ అబ్బాయి గాలానికి పడేది జెల్లే. తమ్ముడూ, హార్డ్‌హెడ్ అనే జెల్ల వీపు మీద ఒకటి, పక్కలకి రెండు విషపు ముళ్లుంటాయి. చేత్తో పట్టుకోకు, చెప్పు కాలితో తొక్కకు, ముల్లు అట్టలోంచి పాదంలోకి దిగుతుంది. పట్టకారుతో గాలం తిప్పి వదిలేయ్. పొరపాటున గుచ్చుకుంటే, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చెయ్యి పెట్టు, నొప్పి లాగేస్తుంది. గాల్వెస్టన్ బే జెల్లలు గర్భిణులు, చిన్నపిల్లలు తినకూడదని రాష్ట్ర ఆరోగ్యశాఖ హెచ్చరిక కూడా ఉంది. డయాక్సిన్లు, పీసీబీలు అనే విష రసాయనాలు కారణం. మీ ఇంట్లో పిల్లలుంటే ఇది మర్చిపోకు.

ఇంకొకటి ఎవరూ చెప్పలేదు. గాల్వెస్టన్ ఐలాండ్ స్టేట్ పార్క్‌లో ఒడ్డు మీద నుంచి గాలం వేస్తే లైసెన్సే అక్కర్లేదు, పార్కు టికెట్ చాలు. సైజు, సంఖ్య రూల్స్ అక్కడా వర్తిస్తాయి. ఆరు నెలలు నిండేదాకా అక్కడికే వెళ్లు. చచ్చిన రొయ్య ఎరగా చాలు. దీవి పడమటి కొసన ఉన్న పాయ, శాన్ లూయిస్ పాస్‌లో మాత్రం నీళ్లలోకి దిగొద్దు, అక్కడి ప్రవాహం ఈత వచ్చినవాళ్లనీ లాక్కుపోతుంది.

కేటీ నుంచి:
థాంక్స్ అన్నా. ఈ శనివారం స్టేట్ పార్క్‌కే వెళ్తాను. ఎవరైనా వస్తున్నారా?

పియర్‌ల్యాండ్ నుంచి:
నేనొస్తా. కొలబద్ద తెస్తాను, రొయ్యలు నువ్వు కొను.