పాత వెదురు బద్దల గాలపు కర్ర: కొనవచ్చా, గీకవచ్చా, దానితో చేపలు పట్టవచ్చా?

ప్రశ్న (రెడింగ్, ఇంగ్లండ్ నుంచి):
అందరికీ నమస్కారం. కెన్నెట్ నది మా ఇంటికి పది నిమిషాల నడక దూరంలో ఉంది. ఇక్కడి పాత సామాన్ల దుకాణంలో మూడు భాగాల, 11 అడుగుల వెదురు బద్దల కర్ర ఒకటి చూశాను. 70 పౌండ్లు చెబుతున్నారు. ముద్ర చాలావరకు చెరిగిపోయింది. చివర ‘రెడిచ్’ అన్న ఊరి పేరు మాత్రమే చదవగలిగాను. కొస భాగం కొద్దిగా వంగి ఉంది, వార్నిష్ పొలుసులుగా లేస్తోంది, ఊపితే ఎక్కడో టక్కుమంటోంది. కొనవచ్చునా? కొంటే గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ వార్నిష్ వేయాలని అనుకుంటున్నాను.

జవాబు:
గరుకు కాగితాన్ని దయచేసి పక్కన పెట్టండి. దాని సంగతి తరువాత చెబుతాను, ముందు కొనుగోలు విషయం చూద్దాం.

రెడిచ్ అన్నది సూదులకూ గాలాలకూ పేరుపడిన ఊరు. ఆల్‌కాక్, మిల్వర్డ్ వంటి పెద్ద తయారీదారులు అక్కడివారే. కాబట్టి ఆ పేరు కనిపించినంత మాత్రాన కర్ర గొప్పదనీ చెప్పలేము, సామాన్యమైనదనీ చెప్పలేము. ‘11 అడుగులు, మూడు భాగాలు’ అనగానే అమ్మేవారు ఆల్‌కాక్ వారి ‘వాలిస్ విజార్డ్’ అనే పేరుపడిన కర్ర పేరు ఎత్తుతారు. ముద్ర లేనప్పుడు ఆ పేరుకు డబ్బు కట్టకండి. మీరు డబ్బు కట్టవలసింది కర్ర తిన్నగా ఉన్నందుకు, పూర్తి పొడవు ఉన్నందుకు.

దుకాణానికి ఒక కొలత టేపు తీసుకువెళ్ళండి. నడిమి భాగాన్నీ కొస భాగాన్నీ పక్కపక్కన పెట్టి, లోపలికి దూరే లోహపు మొనను లెక్కలోకి తీసుకోకుండా కొలవండి. ఇటువంటి కర్రలలో సాధారణంగా రెండూ సమానంగా ఉంటాయి. కొస రెండు అంగుళాలు తక్కువైతే ఎప్పుడో విరిగి, విరిగినచోటే కొస రింగును, అంటే గాలపు దారం దూరే చివరి రింగును, మళ్ళీ అతికించారని అర్థం. తరువాత ఒక్కొక్క భాగాన్ని కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకొని నెమ్మదిగా తిప్పుతూ, ఆరు బద్దలు కలిసే గీతలను చూడండి. గీత ఎక్కడైనా నల్లగా తెరుచుకొని ఉంటే, కొద్దిగా వంచినప్పుడు ఆ చోట సన్నని కిరకిర వినిపిస్తే, జిగురు వదిలిందన్నమాట. పాత కర్రలకు తోళ్ళూ ఎముకలూ ఉడికించి తీసిన జిగురు వాడేవారు. అది తేమకూ వేడికీ లొంగిపోతుంది.

కొస వంపు గురించి భయపడనక్కరలేదు. గోడకు చేరవేసి ఏళ్ళ తరబడి వదిలేసినా, పెద్ద చేపలను ఒకే వైపు లాగినా అటువంటి వంపు వస్తుంది. చాలామంది అలాగే వాడుకుంటారు. టక్కుమనే చప్పుడు మాత్రం ఎక్కడిదో తేల్చుకోండి. కర్రను కలిపి, ఒక్కొక్క ఫెర్రూల్ మీద, అంటే భాగాలను కలిపే లోహపు గొట్టం మీద, వేలు ఆనించి ఊపితే ఆ కదలిక వేలికి తెలుస్తుంది. గొట్టం కింద జిగురు వదిలి ఉంటే అది బాగుచేసుకోదగిన లోపం. గొట్టం అంచున వెదురే చిట్లి ఉంటే కొనకండి.

ప్రశ్న:
మీరు చెప్పినట్టే కొలిచాను. రెండు భాగాలూ సమానంగా ఉన్నాయి. చప్పుడు నడిమి ఫెర్రూల్‌దే. ఆ సంగతి చెప్పేసరికి 55 పౌండ్లకు ఇచ్చారు. ఇప్పుడు వార్నిష్ ఎలా తీయాలో, గరుకు కాగితం ఎందుకు వద్దన్నారో వివరించగలరా?

జవాబు:
వెదురు బలమంతా పైపొరలోనే ఉంటుంది. ఒక బద్ద కొసను అడ్డంగా కోసి భూతద్దంలో చూస్తే, పై అంచున నారలు చుక్కలుగా ఒత్తుగా కిక్కిరిసి, లోపలికి పోయేకొద్దీ పలచబడటం కనిపిస్తుంది. అందుకే కర్ర చేసేవారు దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు టాంకిన్ వెదురును తెచ్చి, చీల్చి, పైపొరను ముట్టకుండా లోపలి రెండు ముఖాలను మాత్రమే చిత్రిక పట్టి, అడ్డుకోతలో 60 డిగ్రీల త్రికోణాలుగా వచ్చే ఆరు బద్దలను అతికిస్తారు. మీరు గరుకు కాగితంతో రుద్దేది ఆ పైపొరనే. నా మొదటి కర్రను నేను అలాగే ఒక ఆదివారం అంతా శ్రద్ధగా రుద్దాను. అద్దంలా మెరిసింది గాని, నీళ్ళ దగ్గరికి తీసుకువెళ్ళాక ఉడికిన మునక్కాయలా వాలిపోయింది.

వార్నిష్‌ను చాకు వీపుతో, అంటే పదును లేని వైపుతో, కర్ర పొడవునా ఒకే దిశలో గీకండి. పాతది ఎండి ఉంటుంది గనుక ఉల్లిపొరల్లా రాలుతుంది. రంగు ఊడదీసే రసాయనాలు వద్దు. అవి గీతల గుండా జిగురులోకి దిగుతాయి. వార్నిష్ లేవని చోట అసలు గీకకుండా వదిలేయడమే నా అభిమతం.

రింగులను పట్టి ఉంచే దారపు చుట్లు తీసే ముందు ఫొటోలు తీసి, ఒక్కొక్క రింగు దూరాన్నీ రాసి పెట్టుకోండి. రింగు పాదం కింద, ఎండ తగలని చోట, దారం అసలు రంగు తెలుస్తుంది. గోధుమరంగు అనుకున్నది ఒక్కోసారి ముదురు ఎరుపుగా బయటపడుతుంది. కొత్త పట్టుదారం చుట్టేటప్పుడు దారపు కండెను ఒక కప్పులో ఉంచి, దారాన్ని బరువైన పుస్తకం పుటల మధ్య నుంచి లాగితే బిగువు సమానంగా వస్తుంది. కర్రను ఒడిలో తిప్పుతూ మొదటి కొసను చుట్ల కిందకు దాచి, చివరి ఏడెనిమిది చుట్ల కింద ఒక దారపు ఉచ్చు పెట్టి, మిగిలిన కొసను దానిలో దూర్చి లాగేయాలి. రంగు నిలిపే పూత ముందుగా వేయకపోతే వార్నిష్ తగలగానే పట్టు పారదర్శకమైపోయి ఎరుపు కాస్తా ముదురు గోధుమరంగుకు దిగుతుంది. పాత రూపం కావాలంటే అదీ బాగానే ఉంటుంది.

వదులైన ఫెర్రూల్‌ను చిన్న మంట మీద తిప్పుతూ, లోహం మాత్రమే వేడెక్కేలా చూసి, తిన్నగా లాగండి. లోపలి పాత జిగురు శుభ్రం చేసి, వేడికి కరిగే జిగురుతోనే మళ్ళీ ఎక్కించండి; రేపు ఎవరైనా తీయవలసి వస్తే వెదురు పాడుకాదు. చివరగా వార్నిష్‌ను వేలితో మూడు నాలుగు పలచని పూతలుగా, ఒకటి పూర్తిగా ఆరాక మరొకటి వేయండి.

మరొక సభ్యుడు (రాజమహేంద్రవరం నుంచి):
మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. మన మేదరివారు వాడే వెదురుతో ఇటువంటి కర్ర కుదరదా?

జవాబు:
కుదిరిందండీ, అదీ ఇంగ్లండులోనే. టాంకిన్ వాడుకలోకి రాకముందు బద్దల కర్రలకు ‘కలకత్తా వెదురు’ అని పిలిచే మన దేశపు వెదురే వెళ్ళేది. అప్పటి కర్రల మీద అక్కడక్కడా కాల్చిన మచ్చలు కనిపిస్తాయి. టాంకిన్‌లో కణుపుల మధ్య దూరం ఎక్కువ, నార తిన్నన. అందుకే కలకత్తా వెదురు వెనుకబడింది.

ప్రశ్న:
పని పూర్తయింది. దీనితో చబ్ చేపలు పట్టాలని ఉంది. దారం ఎంత బలమైనది వాడాలి?

జవాబు:
ముందు ఒక మాట: ఇంగ్లండులో 13 ఏళ్ళు నిండిన ప్రతివారికీ కర్ర లైసెన్సు ఉండాలి, నదులలో మార్చి 15 నుంచి జూన్ 15 వరకు ఈ రకం చేపలు పట్టరాదు.

దారం విషయానికి వస్తే, కర్ర కొసను పిడికి లంబకోణంలో వంచడానికి పట్టే బరువును ఐదుతో హెచ్చవేయాలన్నది ఇక్కడి పాత లెక్క. 1952లో రెడ్‌మైర్ చెరువులో 44 పౌండ్ల కార్ప్ చేపను పట్టిన రిచర్డ్ వాకర్ దానిని ప్రచారంలోకి తెచ్చారు. ఒక పౌండు బరువుకు అలా వంగే కర్రకు ఐదు పౌండ్ల బరువు తట్టుకునే దారం అన్నమాట. అయితే ఆ బరువు తెలుసుకోవడానికి వంటింటి త్రాసు కట్టి పాత కర్రను లంబకోణం దాకా వంచకండి. దాని వయస్సుకు అది క్షేమం కాదు. మీ కర్రకు ఐదు పౌండ్ల నైలాన్ దారంతో మొదలుపెట్టండి. కొస రింగులో అగేటు రాయి ఉంటే, పలచని మేజోడు ముక్కను దానిలో నుంచి లాగి చూడండి. నూలు చిక్కుకుంటే రాయి పగిలిందన్నట్టే, అది మీ దారాన్నీ కోస్తుంది.

గాలం నీటి అడుగున చిక్కుకున్నప్పుడు కర్రను ఎత్తి గుంజకండి. కర్రను దారానికి నేరుగా చాచి, చేతికి గుడ్డ చుట్టుకొని దారాన్నే లాగండి. పెద్ద చేప పడినప్పుడు అప్పుడప్పుడూ కర్రను తిప్పి రింగులు పైకి వచ్చేలా పట్టుకుంటే వంపు ఒకే వైపు స్థిరపడదు. ఇంటికి రాగానే తుడిచి, తడి సంచిలో పెట్టకుండా, గాలి ఆడే గదిలో మేకుకు వేలాడదీయండి. భాగాలు విడదీసేటప్పుడు మెలితిప్పవద్దు. బిగుసుకుంటే కర్రను మోకాళ్ళ వెనుక పెట్టి, రెండు చేతులతో ఫెర్రూల్‌కు చెరోవైపు పట్టుకొని, మోకాళ్ళను బయటికి నెట్టండి, తిన్నగా విడిపోతుంది.