లూథరన్ కాలేజీ, సెమినరీకి కలిపి మిషన్ స్టేట్‌మెంట్, పదేళ్ల ప్రణాళిక: ఎవరి దగ్గరైనా నమూనా ఉందా?

పెన్నాగట్టు: అందరికీ వందనాలు. నెల్లూరు నుంచి రాస్తున్నా. మా కాలేజీకీ, పాస్టర్లను తయారుచేసే సెమినరీకీ కలిపి మిషన్ స్టేట్‌మెంటూ, వచ్చే పదేళ్ల ప్రణాళికా రాసే పని కమిటీలో నా నెత్తిన పెట్టారు, కారణం ఏందంటే నాకు తెలుగు టైపింగ్ వచ్చంట. మధ్యాహ్నం అన్నం తిని కూర్చున్నవాణ్ణి, అర్ధరాత్రి దాటింది, మొదటి వాక్యం తెగడం లేదు. "క్రీస్తు ప్రేమతో నాణ్యమైన విద్యనందించుట" అని రాస్తే అలాంటిది ప్రతి కాలేజీ గోడ మీదా ఉంది. సెమినరీ అయ్యగార్లేమో "సువార్త సేవకులను సిద్ధపరచుట" అనేదే ముందుండాలంటారు. కాలేజీ లెక్చరర్లేమో అది ముందు పెడితే మిగతా మతాల పిల్లల తల్లిదండ్రులు ఏమనుకుంటారు, అసలే అడ్మిషన్లు అంతంతమాత్రం అంటారు. సోమవారం పొద్దున్నకల్లా ఇవ్వాలి. ఎవరి దగ్గరైనా నమూనా ఉంటే పెట్టండి, పీడీఎఫ్ అయినా సరే. టెన్షన్‌తో తల పగిలిపోతోంది.

క్లుప్తం: ఎవరడిగారు?

పెన్నాగట్టు: చెప్పాను కదన్నా, కమిటీ.

క్లుప్తం: కమిటీని ఎవరడిగారు? కాలేజీల నాణ్యత చూసే న్యాకా, వేదాంత డిగ్రీలిచ్చే సెరంపూరా, చర్చిల పాలకసభ సినడా, విదేశీ దాతలా?

ఒంగోలు మాస్టారు: బాబూ, నమూనాలు కాపీ కొడితే ఇలాగే ఉంటుంది. లూథరన్ అని పేరులో పెట్టుకున్నారు కాబట్టి ముందు ఆ పేరుకు మూలమైన జర్మనీ మత సంస్కర్త మార్టిన్ లూథర్ ఏమన్నాడో చూడాలి. 1524లో ఆయన జర్మనీ పట్టణాల కౌన్సిల్ పెద్దలకు ఒక బహిరంగ లేఖ రాశాడు, బళ్లు పెట్టండి అని. గమనించండి, బిషప్పులకు కాదు, ఊరి పాలకులకు. ఊరికి రక్ష కోటగోడలూ ధనరాశులూ కాదు, చదువూ బుద్ధీ ఉన్న పౌరులే అన్నాడు. ఆత్మ, పరలోకం, నరకం ఏవీ లేవనుకున్నా సరే, లోకంలో పాలన సాగడానికైనా బడి కావాలన్నాడు. ఆడపిల్లలకూ బడి ఉండాలన్నాడు. 1530లో మళ్లీ ఇదే విషయం మీద, పిల్లల్ని బడి మాన్పించే తల్లిదండ్రుల్ని ఉద్దేశించి పెద్ద ప్రసంగం రాశాడు. అంటే మీ లెక్చరర్లు చెప్పేదీ, అయ్యగార్లు చెప్పేదీ రెండూ లూథర్‌లోనే ఉన్నాయి, కొట్టుకోవాల్సిన పనే లేదు. ఈ కాలం పాస్టర్లు క్యాటకిజం, అంటే ప్రశ్న-జవాబుల మతబోధ పుస్తకం తప్ప లూథర్‌ని చదవరు, అదీ చిన్న క్యాటకిజమే, అదీ కన్ఫర్మేషన్ క్లాసులప్పుడే. మా రోజుల్లో...

క్లుప్తం: మాస్టారూ, సోమవారం.

సూళ్లూరుపేట కుర్రాడు: నెల్లూరు అంటున్నావు కాబట్టి మన సౌత్ ఆంధ్ర లూథరన్ చర్చి వాళ్లేనా అన్నా? అయితే చరిత్ర నుంచి మొదలుపెట్టు. 1865లో జర్మనీ హెర్మన్స్‌బర్గ్ మిషన్ తరఫున మైలియస్ దొర మా సూళ్లూరుపేటలో పని మొదలుపెట్టాడు. తర్వాత అమెరికాలోని ఒహాయో లూథరన్ సినడ్ వాళ్లకు చేతులు మారింది. ఈ రోజు మా ఊరి పేరు చెబితే అందరికీ రాకెట్లే గుర్తొస్తాయి గానీ, షార్ రాకముందే మా ఊళ్లో మిషన్ ఉండేది.

జ్యూయెట్ వీధి: నెల్లూరుకు లూథరన్ మిషన్ చరిత్ర ఏందబ్బా? 1840 నుంచి అది బాప్టిస్టుల ఊరు, అమెరికా మిషనరీ శామ్యూల్ డే వచ్చిన నాటి నుంచి. ఒంగోలు ఇంకో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరది. సెమినరీ అంటే రామాయపట్నం, 1870లలో పెట్టింది, ఇప్పుడు అందరూ పోర్టు, పోర్టు అంటున్న ఊరు.

సూళ్లూరుపేట కుర్రాడు: జిల్లా అంటే ఒక్క నెల్లూరు టౌనేనా? నాయుడుపేట, గూడూరు, వెంకటగిరి, రాపూరు ఎవరివి?

జ్యూయెట్ వీధి: అవి ఇప్పుడు ఏ జిల్లాలో ఉన్నాయో కాస్త చూసుకో తమ్ముడూ.

పెన్నాగట్టు: అన్నా, దయచేసి. నేను అడిగింది స్టేట్‌మెంట్ గురించి.

గూడూరు టీచరమ్మ: తమ్ముడూ, కొన్ని విషయాలు చెప్పు. కాలేజీ, సెమినరీ రెండూ ఒకే సొసైటీ కింద రిజిస్టర్ అయ్యాయా, వేర్వేరా? స్థలం ఎవరి పేర ఉంది? సెమినరీలో ఇచ్చేది ఏ డిగ్రీ? ఇవి తెలియకుండా పదేళ్ల ప్రణాళిక రాస్తే, మొదటి సంవత్సరంలోనే సినడ్ మీటింగులో ఎవరో ఒకరు లేచి ఆ బిల్డింగు మాది అంటారు. నేను చూశాను కాబట్టి చెబుతున్నా.

పెన్నాగట్టు: కాలేజీ డిగ్రీ కాలేజీ అక్కా, వీఎస్‌యూ (విక్రమ సింహపురి యూనివర్సిటీ) అఫిలియేషన్. సెమినరీలో రెండేళ్ల సర్టిఫికెట్ కోర్సు. ఆవరణ ఒకటే. మధ్యలో వేపచెట్టు దగ్గర గోడ కట్టారు, గేటు మాత్రం రెండింటికీ ఒకటే. సొసైటీ సంగతి నాకు తెలియదు.

ఒంగోలు మాస్టారు: రెండేళ్ల సర్టిఫికెట్ ఇచ్చేదాన్ని సెమినరీ అనకూడదు. బైబిల్ ట్రైనింగ్ స్కూల్ అనాలి. సెమినరీ అంటే బీడీ, బీటీహెచ్ లాంటి వేదాంత డిగ్రీలు ఇవ్వాలి, సెరంపూర్ సెనేట్ గుర్తింపు ఉండాలి. ఆ సెరంపూర్‌కు 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టర్ ఉంది, 1918లో బెంగాల్ చట్టం వచ్చింది. మన తెలుగువాళ్లకు ఆ స్థాయి అంటే హైదరాబాద్ ఏసీటీసీ (ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ), 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాద్‌కు మారింది, బాప్టిస్టులూ లూథరన్లూ మరికొన్ని సంఘాలవాళ్లూ కలిసి నడిపేది. లేదంటే మద్రాసులోని లూథరన్ వేదాంత కాలేజీ గురుకుల్.

జ్యూయెట్ వీధి: పేరు సెమినరీ అని ఉంటే సెమినరీయే మాస్టారూ. బోర్డు మార్పిస్తారా ఏంది?

ఒంగోలు మాస్టారు: బోర్డు మార్చమనడం లేదు, ప్రణాళికలో రాసేటప్పుడు తేడా తెలియాలి అంటున్నా. పదేళ్లలో బీటీహెచ్ పెడతాం అని రాస్తే పై డిగ్రీ ఎంటీహెచ్ చదివిన అధ్యాపకులు కావాలి, లైబ్రరీ కావాలి. ఇద్దరు పాస్టర్లు సాయంత్రం వచ్చి పాఠం చెప్పిపోతే గుర్తింపు రాదు.

పెన్నాగట్టు: లైబ్రరీ అంటే రెండు స్టీలు బీరువాలు సార్, అన్నీ అమెరికా నుంచి వచ్చిన పాత ఇంగ్లీషు పుస్తకాలు. పిల్లలు ఎక్కువమంది తెలుగు మీడియం. బీరువా తాళం ప్రిన్సిపాల్ గారి దగ్గరుంటుంది, ఆయన ఊళ్లో లేకపోతే అంతే.

గూడూరు టీచరమ్మ: ఇదిగో, ఇదే రాయి. "తెలుగు పుస్తకాలు కొంటాం, రోజూ తెరిచి ఉంచే మనిషిని పెడతాం" అన్నది గోడమీది వాక్యం కంటే నయం. ఇంకోటి, వచ్చే పదేళ్లలో మీ పారిష్‌లలో ఎంతమంది అయ్యగార్లు రిటైర్ అవుతున్నారో సినడ్ ఆఫీసులో అడిగి లెక్క తీసుకో. ఒక్కో అయ్యగారు నాలుగైదు ఊళ్లు బండి మీద తిరుగుతున్నారు, ఒక ఊళ్లో ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం) ఇచ్చి ఇంకో ఊరికి పోయేసరికి జనం లేచి పోతున్నారు. ఎంతమందిని తయారు చేయాలో ఆ లెక్కలోంచి వస్తుంది, మీ కమిటీ ఊహలోంచి కాదు.

క్లుప్తం: విదేశీ విరాళాలకు ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉందా? లేకపోతే విదేశీ డబ్బు మీద ఒక్క వాక్యం కూడా రాయొద్దు. ఉన్నా 2020 సవరణ తర్వాత పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు, ఆ డబ్బు మొదట పడే ఖాతా ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోనే.

సూళ్లూరుపేట కుర్రాడు: అమెరికా వాళ్ల పరిస్థితే అంతంతమాత్రంగా ఉంది అన్నా. ఆ ఒహాయోలోనే కొలంబస్‌లో ట్రినిటీ లూథరన్ సెమినరీ ఉండేది, 2018లో పక్కనే ఉన్న క్యాపిటల్ యూనివర్సిటీలో కలిసిపోయింది. గెట్టిస్‌బర్గ్, ఫిలడెల్ఫియా సెమినరీలు 2017లో ఒకటయ్యాయి. పోర్ట్‌లాండ్ లూథరన్ల కాంకోర్డియా యూనివర్సిటీ 2020లో మూతపడింది. ఇంకా అక్కడి నుంచి చెక్కులొస్తాయని మన పెద్దలు కూర్చున్నారు.

జ్యూయెట్ వీధి: అట్లయితే మీరూ కాలేజీలో కలిపేయండి సెమినరీని.

ఒంగోలు మాస్టారు: అది కుదరదు. కాలేజీ యూజీసీ, యూనివర్సిటీ నిబంధనల కింద ఉంటుంది. ఎయిడెడ్ అయితే 2021లో ప్రభుత్వం ఎయిడ్ వదులుకోమన్నప్పుడు జరిగిన గొడవ గుర్తుందా? మైనారిటీ సంస్థగా రాజ్యాంగం 30వ అధికరణ కింద హక్కులున్నాయి, అవి ప్రణాళికలో తప్పకుండా ప్రస్తావించాలి. ఈ విషయం మీద నేను వేరే పోస్టు పెడతాను.

క్లుప్తం: కమిటీ ఇచ్చిన కాగితం మీద ఏముందో టైప్ చెయ్యి.

పెన్నాగట్టు: పైన "గవర్నెన్స్, లీడర్‌షిప్ అండ్ మేనేజ్‌మెంట్" అని ఉంది. కింద 6.1, 6.2. 6.2లో పర్‌స్పెక్టివ్ ప్లాన్, అంటే దీర్ఘకాల ప్రణాళిక, అని ఉంది.

క్లుప్తం: న్యాక్. ఆరో క్రైటీరియన్. అది కాలేజీకి మాత్రమే. సెమినరీని అందులోంచి తీసెయ్.

గూడూరు టీచరమ్మ: ఈ ముక్క మొదటే చెప్పి ఉంటే సరిపోయేది కదయ్యా! మిషన్‌లో కాలేజీ ఎవరికోసం పెట్టారో రాయి. చుట్టుపక్కల పల్లెల పిల్లలు, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కేవాళ్లు, వాళ్లే కదా మీ కాలేజీలో ఎక్కువ. క్రైస్తవ సంస్థ అన్న మాట దాచక్కర్లేదు, దాని మీదే నిలబడక్కర్లేదు. ప్లాన్‌లో ఏ సంవత్సరం ఏం చేస్తారో, డబ్బు ఎక్కడినుంచో, బాధ్యత ఎవరిదో రాయి. పాత మీటింగు మినిట్స్ కూడా తీసి పెట్టుకో, అడుగుతారు. సెమినరీది సినడ్‌కు వేరే కాగితం. మీ వాళ్లు తెచ్చిన ఫారం పాతదేమో కూడా కనుక్కో, గ్రేడ్లు తీసేసి కొత్త పద్ధతి తెస్తామని 2024లోనే న్యాక్ చెప్పింది.

ఒంగోలు మాస్టారు: లూథర్ లేఖలోంచి ఒక మాట మాత్రం మొదట్లో పెట్టండి. న్యాక్ వాళ్లు కూడా మెచ్చుకుంటారు.

క్లుప్తం: మెచ్చుకోరు.

పెన్నాగట్టు: సరే అక్కా, ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేసి ఫారం సంగతి అడుగుతా. థ్యాంక్స్ అందరికీ. పడుకుంటా ఇంక.

సూళ్లూరుపేట కుర్రాడు: జ్యూయెట్ వీధి అన్నా, రాపూరు సంగతి తేల్చకుండానే పోయావు.

కొత్త సభ్యుడు: నమూనా ఎవరైనా పెట్టారా? పైన వెతికితే కనపడలేదు. మాదీ మిషన్ కాలేజీనే, మా వాళ్లూ ఇదే అడుగుతున్నారు.