అప్‌డేట్: లాక్‌డౌన్‌లో తెల్లారేదాకా నిద్ర పట్టని సమస్య తీరింది

పరాయి దేశంలో ఒక్క గదిలో ఒంటరిగా ఉంటున్నాననీ, 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలైనప్పటి నుంచి తెల్లవారుజామున 4 దాటితే గానీ కన్ను మూతపడట్లేదనీ ఇక్కడే అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్ అండీ.

చివరికి డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడాను. ఆయన మొదట అడిగింది, "రోజులో ఎండ మొహం ఎప్పుడు చూస్తున్నావు?" అని. ఆలోచిస్తే, చూడట్లేదు! కర్టెన్ వేసిన గదిలో మంచం పక్కనే ల్యాప్‌టాప్, అర్ధరాత్రి దాకా ఇంటికి వీడియో కాల్స్. మన ఒంట్లోని గడియారం సగటున 24 గంటల కన్నా కాస్త ఎక్కువే తిరుగుతుందట, పొద్దుటి వెలుగే దాన్ని రోజూ సరిచేస్తుందట. గదిలో లైటు వెలుతురు కొన్ని వందల లక్స్ (వెలుతురును కొలిచే యూనిట్) మించదు, మబ్బు పట్టిన పగలు కూడా బయట వేలల్లో ఉంటుంది.

కాబట్టి ఇక్కడ ఒకరు చెప్పిన "ఎప్పుడు పడుకున్నా 7కే లే, కిటికీ దగ్గర కూర్చో" అన్న సలహానే పనిచేసింది. బల్ల కిటికీ కిందికి జరిపాను. మొదటి నాలుగు రోజులు నరకం, కళ్లు మండిపోయేవి. మూడో వారానికి 12 లోపే నిద్ర. ఇంటికి కాల్ ఇప్పుడు నా పొద్దుటి పూట చేస్తున్నాను (అమ్మ ఒక వారం అలిగింది, అది వేరే కథ).

పరుపు మార్చడం దండగ ఖర్చు. కాఫీ మానడం వల్లా నాకు తేడా రాలేదు, నేను తాగేదే పొద్దున ఒక్క కప్పు.