ట్రైనింగ్‌లో ఉన్న ప్రతి డాక్టరూ పరిశోధన చేయాల్సిందేనా?

నైట్‌డ్యూటీ:
పీజీ చేస్తున్న సెకండియర్ రెసిడెంట్‌ని. రాత్రి రెండింటికి బీపీ పడిపోయి షాక్‌లో ఉన్న పేషెంట్ వచ్చినా నా చేతులు వణకవు. కోర్సులో తప్పనిసరిగా చేయాల్సిన పరిశోధన, అదే థీసిస్, దాని ఫైల్ తెరవాలంటే మాత్రం కడుపులో తిప్పేస్తుంది. టాపిక్ నేను ఎంచుకున్నది కాదు, థీసిస్ చేయించే ప్రొఫెసర్, అంటే గైడ్, ఇచ్చింది. 64 కేసులు కావాలి, 31 అయ్యాయి. ఆ 64 ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. గైడ్‌ని కలవాల్సిన రోజున వేరేవాళ్ల డ్యూటీ అడిగి మరీ వేసుకుంటున్నాను, తప్పించుకోవడానికి. సూటిగా అడుగుతున్నా: మంచి వైద్యుడు కావడానికి ఇదంతా అవసరమా? ఇష్టం ఉన్నవాళ్లు చేసుకుంటే సరిపోదా?

పాత స్టెతస్కోప్:
అవసరమే. రేపు కొత్త మందు గురించి పేపర్ చదివినప్పుడు అందులో లొసుగు పట్టాలంటే, ఒక్కసారైనా సొంతంగా డేటా పోగేసి ఉండాలి. బారీ మార్షల్ 1981లో ఇంకా ట్రైనింగ్‌లో ఉన్న డాక్టరే. రాబిన్ వారెన్ అనే పాథాలజిస్టుతో కలిసి కడుపులో పుండ్లకు కారణమని తర్వాత తేలిన బ్యాక్టీరియా వెంట పడ్డాడు. బ్యాక్టీరియాని పెంచడానికి పెట్టిన కల్చర్ ప్లేట్లను రెండు రోజులు చూసి పారేసేవారు. 1982 ఈస్టర్ సెలవుల్లో పట్టించుకునేవాళ్లు లేక అవి ఇంకొన్ని రోజులు ఉండిపోయాయి. అప్పుడు బ్యాక్టీరియా పెరిగింది. 2005లో ఇద్దరికీ నోబెల్. రెసిడెంట్‌వి నీకెందుకని ఆనాడు ఎవరైనా ఆపేసి ఉంటే?

కుట్లు_కట్లు:
పరిశోధన మాట ఎత్తగానే మార్షల్‌ని లాక్కొస్తారు. ఆయన దగ్గర ఒక ప్రశ్న ఉంది సార్. మా దగ్గర ఉన్నది సబ్మిషన్ తేదీ. కెరీర్ కోసం, సరైన శిక్షణ లేకుండా డాక్టర్లు చేసే పరిశోధన నాసిరకంగా ఉంటోందని డగ్లస్ ఆల్ట్‌మన్ అనే గణాంకవేత్త 1994లోనే బీఎంజే అనే వైద్య పత్రికలో రాశారు. తక్కువ చేసినా సరిగ్గా చేయమన్నారు. మనం ఎక్కువ చేయడమే పట్టుకున్నాం.
నా కళ్లారా చూసింది ఒకటి. సబ్మిషన్ ముందు రాత్రి మా బ్యాచ్‌మేట్ పేషెంట్ల వివరాలు రాసే ప్రొఫార్మాల్లో ఖాళీగా ఉన్న గడులన్నీ కూర్చుని నింపేశాడు. మోసగాడు కాదు. పేషెంట్ దగ్గర ఒక్క అబద్ధం ఆడడు. భయం ఆ పని చేయించింది.

అంకెలతో కాపురం:
రెసిడెంట్ల డేటా రోజూ చూసే గణాంకవేత్తని. వచ్చే ప్రతి ఒక్కరూ తప్పు చేసి హెడ్మాస్టర్ గదికి వచ్చినట్టు నిలబడతారు. "మేడం, పీ వాల్యూ 0.05 కన్నా తగ్గేలా చూడండి." నిజానికి తేడా లేకపోయినా ఇంత తేడా కాకతాళీయంగా కనబడే అవకాశం ఎంతో చెప్పే అంకె అది, నా చేతిలో ఉంటుందా! 0.05 ప్రకృతి గీసిన గీత కాదు, 1925లో ఫిషర్ అనే గణాంకవేత్త తన పుస్తకంలో వీలుగా ఉంటుందని తీసుకున్న హద్దు. సరిపడా కేసులతో చూసినా తేడా లేదని తేలితే అదీ ఫలితమే.
నైట్‌డ్యూటీ గారూ, మీ 64 సంగతి. ఒక సమస్య ఎంతమందిలో ఉందో లెక్కపెట్టే అధ్యయనమైతే చాలామంది వాడే సూత్రం నాలుగు పీక్యూ బై డీ స్క్వేర్. ఇక్కడ పీ అంటే పీ వాల్యూ కాదు, పాత అధ్యయనంలో కనిపించిన శాతం. క్యూ అంటే 100లోంచి అది తీసేస్తే మిగిలేది. డీ అంటే అటూ ఇటూ ఎంత పొరపాటు ఓర్చుకుంటామన్నది. పీ 20, డీ 10 అనుకోండి. 4 × 20 × 80 అంటే 6400. దాన్ని 100తో భాగిస్తే 64. అంతే. డీ 5 కావాలంటే 256 మంది కావాలి. మీ సినాప్సిస్‌లో, అంటే థీసిస్ మొదలుపెట్టే ముందు ఇచ్చిన ప్లాన్‌లో, 20 శాతం అని ఎక్కడైనా ఉందేమో చూడండి.

నైట్‌డ్యూటీ:
ఉంది మేడం. ఆ వాక్యం సీనియర్ థీసిస్‌లోంచి నేనే కాపీ చేసి పెట్టాను, అర్థం చేసుకోకుండా.

కుట్లు_కట్లు:
చూశారా? ఐదు నిమిషాల ముక్క. ఏడాదిన్నరగా ఎవరూ చెప్పలేదు. తప్పనిసరి అన్నవాళ్లు నేర్పడం కూడా తప్పనిసరి చేయాలి కదా.

పాత స్టెతస్కోప్:
సగం ఒప్పుకుంటా. నేనూ గైడ్‌నే. ఇక్కడ పేరు కనబడదు కాబట్టి చెప్తున్నా, నాకూ స్టాటిస్టిక్స్ అంటే భయమే. రెసిడెంట్ అడిగితే విసుక్కున్న రోజులున్నాయి, తెలియదని బయటపడకూడదని. కానీ ఇష్టమైతేనే చేయండి అంటే, భయపడేవాళ్లు జన్మలో దాని జోలికి పోరు. గొంతులోంచి శ్వాసగొట్టం వేసే ఇంట్యుబేషన్ అంటే భయమని ఎవరినైనా వదిలేశామా?

కుట్లు_కట్లు:
ఇంట్యుబేషన్ ముందు బొమ్మ మీద చేయిస్తారు. తర్వాత కూడా సీనియర్ పక్కనే ఉంటాడు. థీసిస్‌కి బొమ్మ ఏది? మొదటి ఏడాది చిన్న ఆడిట్, అంటే చేయాల్సింది చేశామా లేదా అని చూసుకునే పని, చేయించండి. సర్జరీకి ముందు యాంటీబయాటిక్ టైముకి పడిందా లేదా, 20 కేస్ షీట్లు తిరగేస్తే చాలు. ఆ తర్వాత థీసిస్ కావాలో వద్దో వాళ్లనే చెప్పనివ్వండి.

అంకెలతో కాపురం:
ఆడిట్‌కి నా ఓటు, ఎంపికకి కాదు. నైట్‌డ్యూటీ గారూ, 31 దగ్గరే ఆగిపోయినా కొంప మునగదు. 10 అనుకున్న పొరపాటు 14 దాకా పోతుంది. ఆ మాటే రాయండి, ఎందుకు తగ్గాయో కూడా. లేని కేసులు మాత్రం పుట్టించకండి.

నైట్‌డ్యూటీ:
గైడ్‌కి మెసేజ్ పెట్టాను. గురువారం రమ్మన్నారు. ఈసారి డ్యూటీ మార్చుకోలేదు. టెన్షన్ అయితే అలాగే ఉంది. మేడం, ఈలోపు అన్ని కేసుల వివరాలూ ఉండే నా మాస్టర్ చార్ట్ ఒకసారి చూస్తారా? నాలుగు కాలమ్స్‌లో గడులు ఖాళీగా ఉన్నాయి.