కొత్త బిల్డింగ్ వచ్చాక కూడా కేసు నడపాలా? ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ గొడవ

పాతపుస్తకం:
అమెరికాలోని వర్జీనియాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ అని ఒక పల్లెటూళ్ల కౌంటీ, మన జిల్లా లాంటిది. అక్కడి ఫార్మ్‌విల్‌లో 1939లో నల్లజాతి పిల్లలకు మోటన్ హైస్కూల్ కట్టారు, 180 మందికి సరిపడా. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక పిల్లలు 450 దాటారు. పెద్దలు కొత్త బడి అడిగితే, చెక్క షెడ్లకు తారు కాగితం చుట్టి ఇదే బడి అన్నారు. 1951 ఏప్రిల్ 23న బార్బరా జాన్స్ అనే 16 ఏళ్ల అమ్మాయి బడి మొత్తంతో సమ్మె చేయించింది. అడిగింది మంచి బడి. 1953లో అది వచ్చింది, 8 లక్షల డాలర్లకు పైగా ఖర్చుతో. నల్ల, తెల్ల పిల్లలకు వేరు బడులు వద్దని వేసిన కేసు అక్కడితో ఆపేసి ఉంటే, 1959లో కౌంటీ ప్రభుత్వ బడులన్నీ మూతపడేవా?

రిచ్‌మండ్ రవి:
పాతపుస్తకం గారూ, వరస తప్పింది. కేసు పడ్డాకే బిల్డింగ్ వచ్చింది. 1951 మేలో దావా వేశారు. 1952లో కోర్టు, బడులు వేరుగా ఉండొచ్చు గానీ సదుపాయాలు సమానం చేయమంది. అన్నాళ్లూ లేని డబ్బు అప్పుడెక్కడ దొరికిందో!

ఆ షెడ్లలో పొయ్యి పక్కనున్న వాడికి చెమటలు, మూలనున్న వాడికి కోటు విప్పలేని చలి. వానొస్తే కప్పు కారేది, లోపలే గొడుగులు తెరిచేవాళ్లు. కోళ్ల గూళ్లని పేరు పెట్టారు వాటికి.

బడిపంతులు:
రవీ, అదంతా ఒప్పుకుంటాను. కానీ మంచి బిల్డింగ్ కోసం కాదు, వేరు బడుల పద్ధతి మీదైతేనే కేసు పట్టుకుంటామని షరతు పెట్టింది లాయర్లు ఆలివర్ హిల్, స్పాట్స్‌వుడ్ రాబిన్సన్. పిల్లల భుజాల మీద తుపాకీ పెట్టినట్టు కాదా? 35 ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, ఏడో తరగతిలో చదువు ఆగిన పిల్లాడు మళ్లీ బెంచీ ఎక్కడం ఎంత కష్టమో నాకు తెలుసు.

రిచ్‌మండ్ రవి:
మాస్టారూ, ఆ నష్టం నిజమే. అయితే చదువు ఆపిందెవరు? జాతిని బట్టి వేరు బడులు చెల్లవన్న 1954 సుప్రీంకోర్టు బ్రౌన్ తీర్పులో ఈ కేసు కూడా ఉంది. దాన్ని అమలు చేయాల్సి వచ్చేసరికి, 1959లో కౌంటీని పాలించే బోర్డు సభ్యులు, అంటే సూపర్‌వైజర్లు, ప్రభుత్వ బడులకు పైసా కేటాయించలేదు. తెల్ల పిల్లలకు ప్రైవేట్ అకాడమీ తెరిచారు. మరుసటి ఏడాది నుంచి దానికి ఫీజు గ్రాంట్లు, పన్ను రాయితీలు కూడా వచ్చాయి. సుమారు 1,700 మంది నల్లజాతి పిల్లలకు మాత్రం ఏమీ లేదు. మీరు చాలనుకున్న 1953 బిల్డింగ్‌కి కూడా తాళమే, 1963లో విరాళాలతో ఫ్రీ స్కూళ్లు పెట్టేదాకా.

పాతపుస్తకం:
ఆ కొత్త బిల్డింగ్‌కి కూడా తాళం పడిందని నాకు తెలీదు. పెద్దమనుషులు కాస్త నెమ్మదిగా ఒప్పించి ఉంటే అనే నా లెక్క సగం పోయింది.

బడిపంతులు:
నాది పోలేదు. 1964లో సుప్రీంకోర్టు ప్రభుత్వ బడులు తెరవమనేసరికి, 1959లో పదో తరగతిలో ఉన్నవాడికి ఇరవై ఏళ్లు. వాడికి ఏ బడి తెరిచారో చెప్పండి.